కోసిన పూలు ఎక్కువ రోజులు తాజాగా ఉండాలంటే: కోత దగ్గర్నుంచి వేజ్ కడిగేదాకా

"పూలు తాజాగానే తెచ్చుకున్నాం, వేజ్ నిండా నీళ్లు పోశాం. అయినా మూడో రోజుకే తల వాల్చేశాయి. తేడా ఎక్కడొచ్చింది?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. అందుకే ఈసారి పని మొత్తం ఏది ముందో ఏది తర్వాతో వరుసగా రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే తెలిసి ఉండాలి. వేజ్‌లో పెట్టిన పువ్వు చాలాసార్లు వయసైపోయి వాడదు, దాహంతో వాడుతుంది. చుట్టూ నీళ్లున్నా పైకి ఎక్కవు. కాడలో నీళ్లను పైకి తీసుకెళ్లే సన్నటి నాళాలు ఉంటాయి. కోసిన చోట వాటి మూతులు బయటపడతాయి. ఆ మూతులు మూసుకుపోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు: లోపలికి గాలి దూరడం, నీళ్లలో పెరిగిన బ్యాక్టీరియా పేరుకోవడం, గాయాన్ని మూసుకోవడానికి మొక్కే స్రవించే పదార్థాలు. కింద చెప్పినవాటిలో ఎక్కువ పనులు ఈ మూడింటిని ఆపడానికే. అందుకే పూలు చేతికొచ్చిన మొదటి గంటలో చేసే పని, తర్వాత వారం రోజులు పడే శ్రమ కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

1. పూలు రాకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

- సబ్బుతో లోపలిదాకా రుద్ది కడిగిన వేజ్
- పదునైన చాకు, లేదా మొక్కలు కత్తిరించే కత్తెర
- పూలు కాసేపు నిలబెట్టడానికి శుభ్రమైన లోతు బకెట్
- నీళ్లలో ఉంచి కత్తిరించడానికి వెడల్పాటి గిన్నె
- ఫ్లవర్ ఫుడ్ ప్యాకెట్ (కోసిన పూల కోసం నీళ్లలో కలిపేది), అది లేకపోతే పంచదార, నిమ్మరసం, సువాసనలేమీ కలపని ద్రవరూప బ్లీచ్
- చుట్టడానికి పాత కాగితాలు

వేజ్ శుభ్రంగా ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం. తడి వేలితో లోపలి గోడ మీద గీయండి. వేలు జారితే అక్కడ బ్యాక్టీరియా పొర ఉన్నట్టే. పోయినసారి పూల తాలూకు మురికి అది. కొత్త పూలు పెట్టిన గంట నుంచే మళ్లీ పని మొదలుపెడుతుంది. సబ్బు, బ్రష్‌తో రుద్ది, కొద్దిగా బ్లీచ్ కలిపిన నీళ్లు నింపి పది నిమిషాలు ఉంచి, బాగా తొలిచి కడగండి. మూతి సన్నగా ఉంటే సీసాలు కడిగే బ్రష్ వాడండి. బకెట్‌నీ ఇంతే శ్రద్ధగా కడగాలి. చాలామంది వేజ్ తళతళలాడేలా తోమి, బకెట్ సంగతి మర్చిపోతారు.

జింకు పూత ఉన్న లోహపు పాత్రలు వద్దు. ఫ్లవర్ ఫుడ్‌లోని ఆమ్లం ఆ పూతతో చర్య జరిపి బలం కోల్పోతుంది. గాజు, పింగాణీ, ప్లాస్టిక్ ఏదైనా ఫరవాలేదు.

కాగితాలు కత్తిరించే మొద్దు కత్తెర పక్కన పెట్టేయండి. అది కాడను కోయదు, నలుపుతుంది. నలిగిన చోట నాళాలు మూసుకుపోతాయి, బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది.

2. ఏ దశలో ఉన్న పువ్వు తీసుకోవాలి

కొనేటప్పుడు రేకుల అందం కన్నా ముందు కాడ, ఆకులు చూడండి. నీళ్లలో మునిగి ఉన్న భాగం జిగురుగా, గోధుమ రంగులో ఉంటే ఆ పూలు అక్కడ చాలా రోజులుగా ఉన్నట్టు. చామంతికి పువ్వు కన్నా ముందు ఆకులు పాడవుతాయి కాబట్టి ఆకు పచ్చగా ఉంటే పువ్వుకు ఢోకా లేదు.

గులాబీని రేకుల దగ్గర కాకుండా, అడుగున రేకులు కాడకు అతుక్కున్న చోట రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టిగా తగిలితే తాజాది. మెత్తగా లోపలికి పోతే రెండు రోజులకు మించి ఆశ పెట్టుకోకండి. బయటి రేకులు ఒకటి రెండు నలిగి, అంచులు పచ్చగా ఉన్నాయని గులాబీని వద్దనుకోకండి. అవి లోపలి రేకులను కాపాడే రేకులు. ఇంటికొచ్చాక తీసేయొచ్చు.

సొంత తోటలో కోసుకునేవాళ్లకు తెల్లవారుజామే మంచి సమయం. రాత్రంతా నీళ్లు తాగి కాడలు బిగువుగా ఉంటాయి. అది కుదరకపోతే పొద్దు వాలాక కోయండి. మిట్టమధ్యాహ్నం కోసిన పువ్వు సగం దాహంతోనే ఇంట్లోకి వస్తుంది. బకెట్‌లో నీళ్లు వెంట తీసుకెళ్లి, కోసింది కోసినట్టు అందులో పెట్టాలి.

పువ్వును బట్టి కోసే దశ మారుతుంది:

- గులాబీ: మొగ్గ రంగు తేలి, మొదటి రేకు విడివడుతున్నప్పుడు
- గ్లాడియోలస్: కింది మొగ్గలు ఒకటి నుంచి మూడు దాకా రంగు చూపినప్పుడు
- లిల్లీ: ఒక మొగ్గ విచ్చుకోబోతూ, మిగతావి ఉబ్బి రంగు తిరిగినప్పుడు
- పొద్దుతిరుగుడు: రేకులు మధ్యభాగం నుంచి లేస్తున్నప్పుడు
- జినియా, డేలియా, జెర్బెరా, బంతి: బాగా విచ్చుకున్నాకే. వీటిని మొగ్గగా కోస్తే వేజ్‌లో సరిగా విచ్చుకోవు

జినియాకు ఓ పరీక్ష ఉంది. పువ్వు కింద జానెడు దూరంలో కాడ పట్టుకుని ఊపండి. కాడ వంగి తల ఊగిపోతే ఇంకా ముదరలేదని అర్థం. నిటారుగా నిలబడితే కోయొచ్చు.

3. దారిలో

కాగితంలో వదులుగా చుట్టి, కాడల చివర్లకు తడి గుడ్డ పెట్టి తీసుకురండి. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలు కూడా వదిలేయకండి.

4. కోత

అసలు పని ఇదే. తొందరపడకుండా ఒక్కో కాడ చూసుకుంటూ చేయండి.

ముందు ఆకులు. వేజ్‌లో నీళ్లు ఎంతవరకు వస్తాయో చూసుకుని, ఆ గీత కింద ఒక్క ఆకు కూడా లేకుండా తీసేయండి. నీళ్లలో మునిగిన ఆకు ఒకటి రెండు రోజుల్లో కుళ్లడం మొదలవుతుంది. పైన ఉన్న ఆకులన్నీ దులిపేయకండి, అలాగని అన్నీ ఉంచకండి. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి కాబట్టి, ఎక్కువ ఉంటే పువ్వు వాటా తగ్గిపోతుంది. గులాబీ ముళ్లు నీళ్లలో మునిగేవి, చేతికి గుచ్చుకునేవి మాత్రమే తీయండి. కాడ బెరడు గీరుకుపోయిన ప్రతిచోటా బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది.

తర్వాత కోత, ఈ వరుసలో:

1. వెడల్పు గిన్నెలో శుభ్రమైన నీళ్లు పోసి, కాడ చివర అందులో ముంచండి.
2. నీళ్లలోపలే చివర నుంచి 2 లేదా 3 సెంటీమీటర్లు ఏటవాలుగా కత్తిరించండి.
3. కోసిన చివరను ఆరనివ్వకుండా, క్షణాల్లో బకెట్ నీళ్లలోకి మార్చండి.
4. గిన్నెలో నీళ్లు మురికైతే మార్చేయండి. మురికి నీళ్లలో కోస్తే ఆ మురికినే లోపలికి పీల్చుకుంటుంది.

నీళ్లలో కోయడం ఎందుకంటే, కోసిన మరుక్షణం కాడ పీల్చుకునేది గాలి కాకుండా నీళ్లు కావాలి. గులాబీకి ఇది తప్పనిసరి అనే నేనంటాను. మిగతా చాలా పూలకు బయట కోసినా వెంటనే నీళ్లలో పెట్టేస్తే సరిపోతుంది. బల్ల మీద అన్నీ వరుసగా కోసి, కట్టగట్టి, ఆ తర్వాత నీళ్లలో పెట్టడమే అందరూ చేసే పొరపాటు.

ఏటవాలు కోత గురించి చాలా చెబుతుంటారు. దాని అసలు ప్రయోజనం చిన్నది: చివర అడుగుకు చదునుగా అతుక్కోదు, నీళ్లు అందుతాయి. కోణం ఇంతే ఉండాలని కొలవక్కర్లేదు. కోత నున్నగా వచ్చిందా లేదా అన్నదే చూడండి.

కొన్ని కాడల తీరు వేరు:

- కార్నేషన్: కణుపు మీద కాకుండా రెండు కణుపుల మధ్య కోయండి. కణుపు దగ్గర నీళ్లు సరిగా ఎక్కవు.
- హైడ్రేంజియా లాంటి కర్ర కాడలు: చివర నిలువుగా 2, 3 సెంటీమీటర్లు చీల్చండి. సుత్తితో చితక్కొట్టమనే పాత సలహా పాటించకండి, నాళాలు నలిగిపోతాయి.
- పాలు కారే కాడలు (పాపీ, యుఫోర్బియా): కోసిన చివరను మరిగిన నీళ్లలో 20, 30 సెకన్లు ముంచండి, లేదా మంట మీద ఓ క్షణం చూపించండి. పువ్వుకు ఆవిరి తగలకుండా పక్కకు వంచి పట్టుకోండి. యుఫోర్బియా పాలు చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తాయి కాబట్టి గ్లవ్స్ వేసుకోండి.
- డాఫోడిల్: కోసినచోట జిగురు కారుతుంది. ఆ జిగురు పక్కనున్న ట్యులిప్ లాంటి పూలను పాడుచేస్తుంది. వీటిని విడిగా నీళ్లలో ఒక రాత్రంతా ఉంచి, మళ్లీ కోయకుండా మిగతా పూలతో కలపండి. మళ్లీ కోస్తే జిగురు మళ్లీ కారుతుంది.

5. నీళ్లలో ఏం కలపాలి

ప్యాకెట్‌గా వచ్చే ఫ్లవర్ ఫుడ్‌లో ముఖ్యంగా మూడు ఉంటాయి. పువ్వుకు శక్తినిచ్చే చక్కెర, నీటిని కాస్త పుల్లగా మార్చే ఆమ్లం, బ్యాక్టీరియాను అదుపులో పెట్టే మందు. పుల్లటి నీళ్లు కాడలో సులువుగా పైకి ఎక్కుతాయి. ఈ మూడూ కలిసి ఉన్నప్పుడే లాభం.

అందుకే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లకు అని రాసి ఉంటే అన్నే పోయాలి. ఒక ప్యాకెట్‌ను రెండు వేజ్‌లకు సర్దడం పొదుపు అనిపిస్తుంది. కానీ బ్యాక్టీరియాను ఆపేంత మందు ఉండదు, దాన్ని పెంచేంత చక్కెర మాత్రం ఉంటుంది. దానికన్నా మంచినీళ్లు నయం. వట్టి పంచదార వేయడంలోనూ ఇదే ఇబ్బంది.

ఇంట్లో కలుపుకోవాలంటే:

- గోరువెచ్చని నీళ్లు: 1 లీటరు
- బ్లీచ్: పావు టీస్పూన్
- పంచదార: 1 టీస్పూన్
- నిమ్మరసం: 2 టీస్పూన్లు

ముందు లీటరు నీళ్లలో బ్లీచ్ కలిపి, తర్వాత పంచదార, చివరగా నిమ్మరసం వేయండి. బ్లీచ్‌నూ నిమ్మరసాన్నీ నీళ్లు లేకుండా నేరుగా ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. కొలత మించకండి, కిటికీ తెరిచి ఉంచండి, పిల్లలకు అందనీయకండి. ఈ టెన్షన్ ఎందుకు అనుకునేవాళ్లు ఏమీ కలపకుండా రోజూ నీళ్లు మార్చినా బాగానే ఉంటుంది. అదీ మంచి పద్ధతే.

ఆస్పిరిన్ బిళ్లలు, రాగి నాణేల మీద నాకు నమ్మకం లేదు. ఫ్లవర్ ఫుడ్‌లో ఉండే మూడు గుణాలూ కలిసి వాటిలో దేనికీ లేవు.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలి? చాలా పూలకు గోరువెచ్చగా, చెయ్యి పెడితే హాయిగా అనిపించేంత. ట్యులిప్, డాఫోడిల్, హయసింత్ లాంటి దుంప జాతి పూలకు చల్లటి నీళ్లు వాడండి. ఉప్పు ద్వారా నీటి కఠినత్వం తగ్గించే యంత్రం ఇంట్లో ఉంటే, ఆ నీళ్లు గులాబీలకు, కార్నేషన్లకు మంచివి కావు. వాటిలో సోడియం ఎక్కువ. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు గ్లాడియోలస్, జెర్బెరాలకు పడవు. రేకుల అంచులు మాడినట్టు అవుతాయి.

6. అమర్చే ముందు విశ్రాంతి

కోసిన వెంటనే వేజ్‌లో సర్దేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. బకెట్‌లో కాడలు సగం దాకా మునిగేలా నీళ్లు పోసి, చల్లగా, వెలుతురు తక్కువగా, గాలి వీచని చోట కనీసం రెండు గంటలు ఉంచండి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. చల్లటి చోట ఆకుల నుంచి నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది, కింద నుంచి మాత్రం నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి. దారిలో పోయిన బిగువంతా ఈ రెండు గంటల్లో తిరిగొస్తుంది.

ట్యులిప్ కాడలు వంకరగా ఉంటే, కట్టను కాగితంలో నిటారుగా, గట్టిగా చుట్టి ఈ సమయంలోనే నీళ్లలో నిలబెట్టండి. తాగిన నీళ్లతో నిటారుగా బిగుసుకుంటాయి.

7. వేజ్‌లో పెట్టేటప్పుడు

కుక్కి పెట్టకండి. పువ్వుకూ పువ్వుకూ మధ్య గాలి ఆడాలి, లేకపోతే తడికి బూజు పడుతుంది. జెర్బెరాకు మాత్రం నీళ్లు తక్కువ పోయండి, నాలుగైదు సెంటీమీటర్లు చాలు. దాని కాడ మెత్తన, లోతు నీళ్లలో త్వరగా కుళ్లుతుంది.

లిల్లీ విచ్చుకోగానే లోపలి పుప్పొడి కేసరాలను, పొడి రాలకముందే, వేళ్లకు టిష్యూ చుట్టుకుని తుంచేయండి. బట్టల మీద పడితే తడి గుడ్డతో రుద్దకుండా, టేప్ అంటించి లాగండి. ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీలు అసలు తేవద్దు. ఆకు, రేకు, పుప్పొడి, చివరికి వేజ్‌లో నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.

8. ఎక్కడ పెట్టాలి

వేడి పెరిగేకొద్దీ పువ్వు తనలో నిల్వ ఉన్న శక్తిని వేగంగా ఖర్చుపెట్టేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండింతలు, అంతకన్నా ఎక్కువ అవుతుంది. కాబట్టి నేరుగా ఎండపడే కిటికీ, పొయ్యి దగ్గర, వేడెక్కే యంత్రాల పక్కన వద్దు. ఫ్యాన్ కింద, ఏసీ గాలి తగిలేచోట కూడా వద్దు. గది చల్లగా ఉన్నా ఆ గాలికి రేకులు ఎండిపోతాయి.

రెండో శత్రువు కంటికి కనిపించదు. పండుతున్న అరటి, ఆపిల్, టమాటా లాంటివి ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. కార్నేషన్, స్నాప్‌డ్రాగన్, ఆర్కిడ్ లాంటి పూలు దీనికి తట్టుకోలేవు. రేకులు ముడుచుకుంటాయి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. నీళ్లు, కోత అన్నీ బాగున్నా మొగ్గలు రాలుతున్నాయంటే, దగ్గర్లో పళ్ల బుట్ట ఉందేమో చూడండి. సిగరెట్ పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది. వాడిపోతున్న పూలు కూడా దీన్ని వదులుతాయి కాబట్టి, పాడైన పువ్వును వెంటనే ఏరేయాలి.

రాత్రిళ్లు ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోటికి వేజ్ మార్చడం మంచి అలవాటు. ఫ్రిజ్‌లో పెట్టాలంటే పళ్లు, కూరగాయలు తీసేశాకే పెట్టండి. ఆర్కిడ్, ఆంథూరియం లాంటి ఉష్ణమండల పూలను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి రేకులు నల్లబడతాయి.

9. రోజూ చూడాల్సినవి

- నీటిమట్టం. మొదటి రోజు అనుకున్నదానికన్నా ఎక్కువ తాగుతాయి, సాయంత్రం మళ్లీ చూడండి
- నీళ్లు మసకబారాయా, వాసన వస్తున్నాయా? అయితే అప్పటికప్పుడు మార్చేయాలి
- నీళ్లలో రాలిన రేకులు, ఆకులు
- వాడిన పువ్వులు. గ్లాడియోలస్‌లో కింద వాడినవి తుంచితే పైవాటికి బలం

బాగున్నా సరే, రెండు రోజులకోసారి నీళ్లు మొత్తం పారబోసి, వేజ్ కడిగి, కాడ చివర ఒక సెంటీమీటరు కోసి, కొత్త నీళ్లలో పెట్టండి. పాత నీళ్లమీదే కొత్తవి పోస్తే బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది.

10. తల వాల్చిన పువ్వును లేపడం

గులాబీ రేకులు తాజాగానే ఉండి, మెడ మాత్రం వంగిపోతే దాన్ని పారేయకండి. కాడలో ఎక్కడో నీళ్లు ఆగిపోయాయి, అంతే.

1. పెద్ద తొట్టెలోనో టబ్‌లోనో గోరువెచ్చని నీళ్లు నింపండి.
2. నీళ్లలోపలే కాడ చివర 3 సెంటీమీటర్ల దాకా కోయండి.
3. పువ్వుతో సహా మొత్తం గులాబీని నీళ్లలో పడుకోబెట్టండి. మెడ నిటారుగా ఉండేలా సర్దండి.
4. అరగంట నుంచి గంట దాకా అలాగే వదిలేయండి.
5. మెడ గట్టిపడ్డాక మెల్లగా దులిపి, కాడ పొట్టిగా చేసి కొత్త నీళ్లలో పెట్టండి. పొట్టి కాడలో నీళ్లు ఎక్కాల్సిన దూరం తగ్గుతుంది.

వాలిన రోజే చేస్తే చాలావరకు లేస్తుంది. మరుసటి రోజుకు వదిలేస్తే మెడ దగ్గర కణాలు నలిగి, ఇక కుదరదు.

హైడ్రేంజియా అయితే కోతకు తోడు పువ్వు గుత్తినే తలకిందులుగా చల్లటి నీళ్లలో అరగంట ముంచండి. అది రేకుల ద్వారా కూడా నీళ్లు పీల్చుకుంటుంది. జెర్బెరా వంగితే కాడను కాగితంలో నిటారుగా చుట్టి, కొత్తగా కోసి, గంటసేపు నీళ్లలో నిలబెట్టండి. ట్యులిప్ మాత్రం వెలుతురు వైపు వంగుతుంది, కోశాక కూడా పెరుగుతుంది. అది జబ్బు కాదు. వేజ్‌ను రోజూ కాస్త తిప్పుతూ ఉండండి.

11. ఎన్ని రోజులు ఆశించొచ్చు

పైవన్నీ చేసినా డేలియా నాలుగైదు రోజులకే వాడిపోతుంది. అది మీ తప్పు కాదు, దాని ఆయుష్షే అంత. ట్యులిప్ అయిదు నుంచి ఏడు రోజులు, గులాబీ వారం అటూఇటూ, జెర్బెరా, గ్లాడియోలస్, లిల్లీ వారం పది రోజులు ఉంటాయి. కార్నేషన్, చామంతి రెండు వారాలు సులువుగా నిలుస్తాయి. ఆంథూరియం అంతకన్నా ఎక్కువే. కలిపి పెట్టినప్పుడు త్వరగా వాడేవి ముందే తీసేసి, మిగిలినవాటిని చిన్న వేజ్‌లోకి మార్చండి.

12. చివరి పువ్వు తీసేశాక

నీళ్లు పారబోసి వేజ్‌ను అలమరలో పెట్టేయకండి. మరక ఎండకముందే సబ్బుతో రుద్ది కడగండి. కత్తెర అంచుకు అంటిన జిగురు తుడిచి ఆరబెట్టండి. వేజ్‌ను బోర్లించి, లోపల చెమ్మ పూర్తిగా ఆరాకే సర్దండి.